డిటెక్టర్ కూత నిద్రలో ఉన్నవారికి వినపడాలి

"కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఎక్కడుందమ్మా?" అని అడిగితే ఆ పెద్దావిడ వంటగది సొరుగు లాగి, తువ్వాలులో చుట్టి దాచిన తెల్లటి పరికరాన్ని నా చేతిలో పెట్టారు. బ్యాటరీలు విడిగా ఒక గిన్నెలో ఉన్నాయి. "రాత్రంతా ఒకటే మోత బాబూ, కంటి మీద కునుకు లేదు. పాడైపోయి ఉంటుందని తీసేశాను" అన్నారు.

నేను గ్యాసు స్టవ్వులు, వాటర్ హీటర్లు బాగుచేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నీళ్లు సరిగా వేడెక్కడం లేదని ఆ ఇంటివాళ్లు పిలిస్తే వెళ్లాను. ఆవిడ మాట విన్నాక సంచిలోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును కొలిచే మీటరు తీసి ఆన్ చేశాను. అంకెలు 40, 58, 71 అంటూ ఎగబాకి 86 దగ్గర నిలిచాయి. ఆవిడను, ఆవిడ కొడుకును చెప్పులు కూడా తొడుక్కోనివ్వకుండా బయటికి తీసుకొచ్చేశాను.

అత్యవసర నంబరుకు ఫోను చేసి, గేటు దగ్గర కూర్చున్నాక అడిగాను, అది ఎలా మోగిందమ్మా అని. ఆవిడ చూపుడు వేలితో మోకాలి మీద కొట్టి చూపించారు. టక్ టక్ టక్ టక్. ఆగారు. మళ్లీ టక్ టక్ టక్ టక్.

ఆ పరికరం పాడవలేదు. నాలుగు కూతలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు కూతలు. చాలా డిటెక్టర్లలో దీని అర్థం ఇంట్లో విషవాయువు ఉందని. బ్యాటరీ అయిపోతున్నప్పుడు వచ్చే కూత వేరు. అర నిమిషానికో నిమిషానికో ఒక్కసారి కిచ్‌మని ఊరుకుంటుంది. ఈ తేడా ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, గోడకు బిగించినవాళ్లు చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను రెండు పనులు మానకుండా చేస్తున్నాను. మీటరును వీధిలోనే ఆన్ చేసి, సున్నా చూసుకున్నాకే ఎవరి గడపైనా దాటుతున్నాను. డిటెక్టర్ ఉన్న ప్రతి ఇంట్లో దాని కూత ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదికీ వినిపిస్తున్నాను. ఇలా రాసి పెట్టడం మూడో పని.

ముక్కుకు అందని వాయువు

గ్యాసు లీకైతే వాసన వస్తుంది కదా, మాకు తెలిసిపోతుంది అని చాలామంది నాతో అంటారు. వంటగ్యాసుకు ఆ వాసన సహజంగా ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీలే కలుపుతాయి. కార్బన్ మోనాక్సైడ్ లీకయ్యే వాయువు కాదు, మంట సరిగా మండనప్పుడు పుట్టే వాయువు. గ్యాసు, పెట్రోలు, డీజిల్, కిరోసిన్, బొగ్గు, కట్టెలు, వీటిలో ఏది మండేటప్పుడైనా సరిపడా గాలి అందకపోతే ఇది పుడుతుంది, పొగ పైకి పోయే దారి మూసుకుపోతే ఇంట్లో పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. ఎంత అనుభవం ఉన్నా దీన్ని ముక్కుతో పట్టలేం. మీటరు తీయక ముందు నేను ఆ వంటగదిలో పది నిమిషాలు మామూలుగా మాట్లాడుతూ నిలబడ్డాను.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందుకే గాలిలో కొంచెమే ఉన్నా, గంటల తరబడి పీల్చితే శరీరానికి ఆక్సిజన్ అందకుండా పోతుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం. ఆ తర్వాత అయోమయం. అందులోనే అసలు ప్రమాదం ఉంది. లేచి తలుపు తీసుకుని వెళ్లాలన్న ఆలోచన కూడా రాని స్థితికి మనిషి చేరతాడు. నిద్రలో ఉన్నవారికైతే ఈ సూచనలేవీ తెలియవు.

జలుబు జ్వరమని పొరబడటం మామూలే. కానీ ఇందులో జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తుంది, బయటికి వెళితే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలవుతుంది. కుక్క గానీ పిల్లి గానీ ఉంటే అది కూడా మందకొడిగా పడి ఉంటుంది. ఆ పెద్దావిడకు వారం రోజులుగా పొద్దున్నే తల పగిలిపోతోందట. రోడ్డు మీద నాలుగడుగులు నడిచి వస్తే హాయిగా ఉండేదట. నడక మంచిదే కదా అని సంతోషించారు.

ఎలాంటిది కొనాలి

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. పొగను పసిగట్టే డిటెక్టర్, వంటగ్యాసు లీకును పట్టే డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్, ఇవి మూడు వేర్వేరు. ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదని అనుకోకండి. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాసు గాలి కంటే బరువు, నేల వెంట పాకుతుంది. అందుకే దాని డిటెక్టర్‌ను కింద అమరుస్తారు. దాన్ని చూసి ఇదీ అదేనని నమ్మి ధైర్యంగా నిద్రపోయే ఇళ్లు చాలా చూశాను. డబ్బా మీద 'కార్బన్ మోనాక్సైడ్' అన్న మాట ఉందో లేదో చదవండి. రెండు పనులూ చేసే పరికరాలైతే ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది.

తర్వాత ప్రమాణం చూడండి. యూరప్‌లో ఈఎన్ 50291, అమెరికాలో యూఎల్ 2034. ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేదా మీ దేశం గుర్తించిన ప్రమాణం పరికరం మీదే ముద్రించి ఉండాలి. అది లేని చవకబారు డబ్బాకు ఎంత అందమైన తెర ఉన్నా నేను బిగించను. వెనక తయారీ తేదీ ఉంటుంది, చూసుకోండి. లోపలి సెన్సార్‌కు ఆయుష్షు ఉంటుంది. పరికరాన్ని బట్టి సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు. దుకాణంలో మూడేళ్లు పడి ఉన్నది కొంటే ఆ మేరకు నష్టపోయినట్టే.

కరెంటుతో మాత్రమే నడిచేది వద్దు. కరెంటు పోయినప్పుడే కదా జనరేటర్ వేసేది, బొగ్గుల కుంపటి వెలిగించేది? సరిగ్గా ఆ వేళకు డిటెక్టర్ నిద్రపోతే ఇక అది ఉండి ఏం లాభం? ప్లగ్గుకు పెట్టేదైనా లోపల బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. వాయువు ఎంతుందో అంకెల్లో చూపే తెర, అంతకు ముందు నమోదైన గరిష్ఠ అంకెను గుర్తుపెట్టుకునే సదుపాయం ఉంటే మాలాంటి పనివాళ్లకు ఎంతో మేలు. వినికిడి తక్కువైనవారు ఉంటే మెరిసే దీపం, దిండు కింద కంపించే పరికరం జత చేయగలిగిన రకాలు దొరుకుతాయి. రంగు మారే చుక్క ఉన్న అట్టముక్కలు కూడా అమ్ముతున్నారు. అవి కూత పెట్టలేవు, నిద్రపోతున్న మనిషిని లేపలేవు. వాటిని నమ్ముకుని పడుకోకండి.

ఎక్కడ బిగించాలి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. నేను కూడా చేశాను. మా ఇంట్లో మొదటి డిటెక్టర్‌ను వంటగది బయట, హాలు గోడకు పెట్టాను. ప్రమాదం పుట్టేది వంటగదిలో కాబట్టి కాపలా అక్కడే ఉండాలని లెక్క వేశాను. ఒక రాత్రి పడకగదిలో తలుపు వేసుకుని, ఫ్యాను పెట్టుకుని పడుకుని, హాల్లో ఉన్న మా ఆవిడను పరీక్ష బటన్ నొక్కమన్నాను. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. ఇంకా నొక్కలేదేమో అనుకుంటున్నాను. ఫ్యాను ఆపాక ఎక్కడో దూరాన దోమ పాడినట్టు సన్నగా వినిపించింది. మా ఆవిడ అప్పటికే మూడుసార్లు నొక్కిందట. మెలకువగా చెవి రిక్కించిన నాకే వినపడనిది, ఆదమరిచి నిద్రపోయేవాణ్ని ఏం లేపుతుంది?

కాబట్టి డిటెక్టర్ కూత నిద్రలో ఉన్నవారికి వినపడాలి. దాని చోటు నిర్ణయించేటప్పుడు ముందు ఇదే చూడండి. ఒక్కటే కొనగలిగితే పడకగదిలో లేదా పడకగదుల తలుపుల బయట పెట్టండి. అంతస్తులు ఉంటే ప్రతి అంతస్తుకు ఒకటి. ఇంధనం మండే పరికరం ఉన్న గదిలో మరొకటి ఉంటే ఇంకా మంచిది. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపే రకాలు ఉన్నాయి, పెద్ద ఇళ్లకు అవే తగినవి.

బిగించాక పైన చెప్పిన పరీక్ష తప్పక చేయండి. ప్రతి మనిషీ తాను రోజూ ఎలా పడుకుంటాడో అలాగే పడుకోవాలి. తలుపు మూసి, ఫ్యానో ఏసీయో పెట్టి, దుప్పటి కప్పుకుని. వినపడని వారికి ఇంకొక డిటెక్టర్ కావాలి. చిన్నపిల్లలు కూతకు లేస్తారని నమ్మకం పెట్టుకోవద్దు. వాళ్లను ఎవరు లేపి ఎత్తుకోవాలో ముందే అనుకోండి.

ఎత్తు గురించి అందరూ అడుగుతారు. ఈ వాయువు బరువు దాదాపు గాలి బరువే, రవ్వంత తక్కువ. వెచ్చటి గాలితో కలిసి గది అంతా పరుచుకుంటుంది. కింద పెట్టాలన్నది వంటగ్యాసు డిటెక్టర్ నుంచి అంటుకున్న అపోహ. పరికరంతో వచ్చిన పుస్తకం పైకప్పు అంటే పైకప్పుకు, గోడ అంటే గోడకు పెట్టండి. పడకగదిలో అయితే పడుకున్నవారి ముక్కు ఉండే ఎత్తులో, మంచం దగ్గర పెట్టడం నా అలవాటు.

పెట్టకూడని చోట్లు ఇవి. స్టవ్వుకు, హీటరుకు మరీ ఆనుకుని వద్దు, వెలిగించిన క్షణంలో వచ్చే కొద్దిపాటి వాయువుకే మోగి విసిగిస్తుంది. ఆ విసుగే చివరికి దాన్ని సొరుగులోకి చేరుస్తుంది. వాటికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరం చాలామంది తయారీదారులు సూచిస్తారు, ఇంకా ఎక్కువ చెప్పిన పుస్తకాలూ ఉన్నాయి. మీ పుస్తకం మాటే ఖాయం చేసుకోండి. స్నానాల గది ఆవిరిలో, కిటికీ పక్కన, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట, కర్టెన్ వెనక, బీరువా మీద వద్దు. కారు బ్యాటరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్‌కు కూడా కొన్ని డిటెక్టర్లు మోగుతాయి. అలాగని మోగినప్పుడల్లా బ్యాటరీ వల్లే అని తీర్మానించుకోకండి. ముందు బయటికి రండి, కారణం తర్వాత తేలుతుంది.

వెంటనే ఎందుకు మోగదు

డిటెక్టర్ ఒక అంకె దాటగానే మోగే పరికరం కాదు. ఎంత వాయువు, ఎంతసేపు అన్న రెండూ కలిపి లెక్క వేస్తుంది, ఎందుకంటే శరీరంలో విషం పేరుకునేది కూడా అలాగే. అమెరికా ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల పాళ్లకు 70 పాళ్లు, అంటే 70 పీపీఎం ఉంటే 60 నుంచి 240 నిమిషాల లోపు మోగాలి. 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో. 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. యూరప్ ప్రమాణం ఇంకొంచెం తొందరపెడుతుంది. 50 పీపీఎంకు 60 నుంచి 90 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల లోపే మోగాలి.

ఇందులో మీరు గ్రహించాల్సింది ఒకటుంది. మోగలేదంటే వాయువు లేనట్టు కాదు. తక్కువ మోతాదులో రోజుల తరబడి ఉన్నా అది మౌనంగా ఉండవచ్చు. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవారు ఉన్న ఇంట్లో తెర మీద చిన్న అంకె పదే పదే కనిపిస్తున్నా నిర్లక్ష్యం చేయకుండా పనివాణ్ని పిలిపించండి. కడుపులోని బిడ్డకు ఈ వాయువు తల్లికంటే ఎక్కువ హాని చేస్తుంది.

ఒకప్పుడు బొగ్గు గనుల్లోకి కెనరీ పిట్టను పంజరంలో తీసుకెళ్లేవారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సూచించిన పద్ధతి అది. పిట్ట కూలితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. బ్రిటన్ గనుల్లో 1986లో ఆ పిట్టల స్థానంలోకి ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. పిట్ట పడిపోయాక, దీనికేదో జబ్బు చేసి ఉంటుందిలే అని పని చేసుకుంటూ కూర్చున్న కార్మికుణ్ని ఊహించలేం. డిటెక్టర్ విషయంలో మాత్రం ఇళ్లలో రోజూ అదే జరుగుతోంది.

మోగితే

కారణం వెతకకండి. స్టవ్వు చూసి వద్దాం, హీటరు ఆపి వద్దాం అని లోపలికి వెళ్లకండి. నిద్రపోతున్నవాళ్లను లేపండి, నడవలేనివాళ్లను పట్టుకోండి, బయటి గాలిలోకి రండి. దారిలో తలుపు తెరిచి వదిలేస్తే మంచిదే. కిటికీలన్నీ తెరుస్తూ తిరగడం మాత్రం వద్దు. బయట అందరినీ లెక్కపెట్టండి. అక్కడి నుంచి మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోను చేసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగిందని ఆ మాటతోనే చెప్పండి. ఎవరికైనా తలనొప్పి, వికారం ఉంటే అదీ చెప్పండి. పర్సు మరచిపోయానని కూడా తిరిగి లోపలికి వెళ్లకండి. వచ్చినవాళ్లు గాలి కొలిచి, ఫర్వాలేదని చెప్పేదాకా బయటే. కిటికీలు తెరిస్తే కూత ఆగిపోవచ్చు. అంత మాత్రాన కారణం పోయినట్టు కాదు, ఆ రాత్రికే మళ్లీ పేరుకుంటుంది.

ఆస్పత్రిలో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. వేలికి తొడిగే మామూలు ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ నిండిన రక్తంగా లెక్కించి మంచి అంకె చూపిస్తుంది. ఆ పెద్దావిడ వేలికి పెట్టినప్పుడు 97 చూపించింది. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. అసలు సంగతి రక్తపరీక్షలోనే తేలింది. కాబట్టి డిటెక్టర్ మోగిన విషయం వైద్యులకు ముందే చెప్పి, రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే ఈ వాయువు అతుక్కున్న హిమోగ్లోబిన్, ఎంతుందో చూడమని అడగండి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో ఈ విషం సగానికి తగ్గడానికి సుమారు 4 నుంచి 6 గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. కొందరిలో మతిమరుపు, తడబాటు లాంటివి కొన్ని రోజులకు, వారాలకు బయటపడతాయి. మళ్లీ చూపించుకోవడానికి బద్ధకించకండి.

నెలకోసారి, ఏడాదికోసారి

నెలకోసారి పరీక్ష బటన్ నొక్కండి. చాలా పరికరాల్లో ఆ బటన్ బ్యాటరీని, కూతను, లోపలి సర్క్యూట్‌ను చూస్తుందే తప్ప సెన్సార్ బతికి ఉందో లేదో చెప్పదు. అందుకే గడువు తీరినదాన్ని, ఎంత బాగా కూసినా, మార్చాల్సిందే. బ్యాటరీ మార్చే రకమైతే ఏడాదికోసారి మార్చండి. పొడి బట్టతో దుమ్ము తుడవండి, శుభ్రపరిచే ద్రావకాలు చల్లకండి.

డిటెక్టర్ కాపలాదారే. దొంగను పుట్టకుండా చేసేది మీరు. గ్యాసుతో, బొగ్గుతో నడిచే ప్రతి పరికరాన్నీ, దాని పొగగొట్టాన్నీ ఏడాదికోసారి తెలిసినవారితో తనిఖీ చేయించండి. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరిగినా, పరికరం చుట్టూ గోడ మీద మసి పట్టినా ఆపేసి పిలిపించండి. జనరేటర్ ఇంట్లో, వరండాలో, గ్యారేజీలో వద్దు. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. గ్యారేజీలో, తలుపు తెరిచి ఉన్నా సరే, కారు ఇంజిన్ నడుపుతూ వదలకండి. చలి కాచుకోవడానికి వంట స్టవ్వు వెలిగించుకోకండి. నిప్పులు ఎర్రగా కణకణలాడుతూ, పొగ లేకుండా ఉంటే కుంపటి క్షేమమని అనుకుంటారు. పొగ లేని నిప్పుల నుంచే ఈ వాయువు దండిగా వస్తుంది. మూసిన గదిలో దాన్ని పెట్టుకుని పడుకున్నవారు తెల్లారి లేవని కుటుంబాలు ఉన్నాయి.

ఆ పెద్దావిడ ఇంట్లో కారణం పొగగొట్టం పై చివర పిట్టలు అల్లిన గూడు. బయటికి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి వంటగదిలోకి దిగింది. గొట్టం శుభ్రం చేసి, చివరకు జాలీ మూత బిగించి, హీటరు మండుతుండగా గంటసేపు మీటరు పట్టుకుని కూర్చున్నాను. సున్నా దాటలేదు. పాత డిటెక్టర్ వెనక తేదీ చూస్తే గడువు ఇంకో నాలుగు నెలలే ఉంది. కొత్తది తెప్పించి మంచం పక్క గోడకు బిగించి, మార్చాల్సిన సంవత్సరాన్ని దాని ముఖం మీదే మార్కర్‌తో రాశాను. ఆవిడ మార్కర్ అడిగి తీసుకుని, ఒక కాగితం ముక్క మీద తనకు కనిపించేంత పెద్ద అక్షరాలతో తనే రాసి డిటెక్టర్ కింద అంటించారు. "నాలుగు కూతలు – బయటికి. ఒక్క కూత – బ్యాటరీ."